నేపథ్యానికి నలభై మార్కులు

నవల అవసరం లేకుండా నవలను బోధించే విద్యను లోకంలో మొట్టమొదట ఎవరు కనిపెట్టారన్న విషయంలో పండితులకు భేదాభిప్రాయాలుంటే ఉండవచ్చు గాని, దాన్ని ఒక శాస్త్రంగా, రోజుకు రెండు పీరియడ్ల టైంటేబులుగా తీర్చిదిద్దిన ఘనత మాత్రం బెజవాడ నుంచి ఉయ్యూరు పోయే బందరు రోడ్డు పక్కన నాలుగంతస్తుల్లో వెలసిన శ్రీ సప్తశిఖర డిగ్రీ కళాశాలదే. (నాలుగంతస్తులకు ఏడు శిఖరాలు ఎలా వచ్చాయని అడగకూడదు. మిగతా మూడూ విద్యార్థులేనని కరపత్రంలో రాశారు.)

ఈ శాస్త్రానికి మూలసూత్రం చాలా తేలిక. రాజకీయ అన్యాపదేశ నవల అంటే పైకి ఒక కథ చెబుతూ లోపల ఇంకో సంగతి చెప్పేది. లోపలి సంగతే అసలైనది కనుక పై కథ చదవడం కాలయాపన. లోపలి సంగతి అంటే చరిత్ర. చరిత్ర అంటే తేదీలు. తేదీలంటే బిట్లు, బిట్లంటే మార్కులు. ఇన్ని మెట్లు ఎక్కి మార్కుల దాకా వచ్చినవాడు మళ్ళీ నవల కోసం కిందికి దిగడమేమిటి? ఈ ప్రశ్న వేసిందీ, జవాబు చెప్పిందీ, దాన్ని నిబంధనగా రాసిందీ అకడమిక్ డీన్ బసవపున్నయ్య గారే. టీ వచ్చేలోపు మొదలైన సమావేశం బిస్కట్లు అయిపోయేలోపు ముగిసింది.

బసవపున్నయ్య గారు చెడ్డమనిషి కారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఏ విషయమైనా పట్టికలో పడితే తప్ప ఉన్నట్టు నమ్మరు. కొడుకు పెళ్ళికి వచ్చిన సంబంధాలను కూడా గళ్ళు గీసి ఇంటి గోడకు అంటించారని చెప్పుకుంటారు. అనువాద సాహిత్యం పేపరుకు 'గొడుగుల పట్నం' అనే నవలను పాఠ్యంగా పెట్టారనీ, 'చారిత్రక నేపథ్యంలో అధ్యయనం' అని సిలబస్‌లో రాశారనీ తెలిసిన రోజు ఆయన ఒక పూటంతా గదిలోంచి బయటికి రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో నలభై రెండు పేజీల మెటీరియల్ ఉంది.

ఆ మెటీరియల్ ప్రకారం బెర్దోనియా అనే దేశం సముద్రాల అవతల ఉంది. దాన్ని జనరల్ మాల్దిక్ అనే ఆయన పందొమ్మిదేళ్ళు ఏలాడు. ఆయన ఎప్పుడు వచ్చాడు, ఎప్పుడు పోయాడు, మధ్యలో ఎన్ని చట్టాలు చేశాడు, ఏ చట్టం ఏ వారంనాడు అన్న వివరాలు నలభై ఒక్క పేజీల నిండా ఉన్నాయి. చివరి పేజీలో సాదృశ్య పట్టిక ఉంది. ఎడమ గడిలో నవల్లోని పాత్ర, కుడి గడిలో బెర్దోనియాలో అసలు మనిషి. ఆ పట్టిక కింద చిన్న డబ్బాలో నాలుగు లైన్ల కథ ఉంది. దాని పక్కన బ్రాకెట్లో 'పరీక్షకు ముఖ్యం కాదు' అని ఉంది. నేపథ్యానికి నలభై మార్కులు, దస్తూరికి అయిదు, నవలకు అయిదు. ఆ చివరి అయిదూ నవల పేరు తప్పు లేకుండా రాసినవారికి వచ్చేస్తాయి.

ఈ మెటీరియల్‌ను రోజూ చెప్పే బాధ్యత శాలినిది. ఆమె ఏడేళ్ళుగా ఆ కాలేజీలో తాత్కాలిక తెలుగు లెక్చరరు. ప్రతి జూన్‌లోనూ ఆమెకు ఒక కాగితం ఇస్తారు. 'ఈ విద్యా సంవత్సరం ముగిసేవరకు లేదా తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు, ఏది ముందైతే అది' అని అందులో ఉంటుంది. ఏడేళ్ళుగా ఆమె ఆ 'ఏది ముందైతే అది' అన్న మాట మీదే కాపురం చేస్తోంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు 'పర్మనెంటేనా అమ్మా?' అంటారు. బ్యాంకువాళ్ళు అదే అంటారు. ఆఖరికి పాలు పోసే ఆమె కూడా అదే అడిగింది.

శాలినికి ఒక రహస్యం ఉంది. 'గొడుగుల పట్నం' ఆమె నిజంగా చదివింది. పందొమ్మిదేళ్ళ వయసులో, జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో, ఒక స్టాలు ముందు నిలబడి మొదటి ముప్పై పేజీలూ చదివేసి, కాళ్ళు లాగుతున్నాయని కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. ఆ పుస్తకం చదివాకే పాఠాలు చెప్పుకుని బతకాలనుకుంది. అదే పుస్తకం పాఠ్యంగా వచ్చిందని తెలిసినప్పుడు ఎగిరి గంతేసింది. మెటీరియల్ చూశాక ఆ గంతు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పాత పుస్తకం ఇప్పటికీ రోజూ ఆమె హ్యాండ్‌బ్యాగులోనే వచ్చి, హ్యాండ్‌బ్యాగులోనే తిరిగి పోతుంటుంది. 'పర్మనెంటు కానీ, అప్పుడు మొదటి పేజీ నుంచి క్లాసులో చదివిస్తాను' అని ఏడాదికోసారి తనకు తానే మాట ఇచ్చుకుంటుంది. (మాట తప్పిందని ఎవరూ అనలేరు. పర్మనెంటు కాలేదు కదా.)

కాలేజీ లైబ్రరీలో కూడా ఆ నవల ప్రతి ఒకటుంది. ఒక్కటే కనుక అద్దాల బీరువాలో ఉంచారు. కావలసినవారు యాప్‌లో అర్జీ పెట్టుకోవాలి. 'పుస్తకం ఎందుకు?' అన్న గడిలో నాలుగు కారణాలుంటాయి: ప్రదర్శన, స్టాకు తనిఖీ, ఫొటో, బైండింగు. 'చదవడానికి' అన్న కారణం లేదు. లైబ్రేరియన్ కనకలక్ష్మి గారిని అడిగితే ఆవిడ చాలా సౌమ్యంగా చెబుతారు: "పిల్లల చేతిలో పడ్డ పుస్తకం పుస్తకంలా ఉంటుందా అండీ? పదకొండేళ్ళుగా ఒక్క పేజీ నలగనివ్వలేదు నేను."

పేజీలు నలగలేదు గాని, ఆ ఏడాది జూలైలో అట్ట ఊడింది. చెదలకు యాప్ ఉండదు. బైండింగు కారణం కింద అర్జీ పెట్టి, మూడు సంతకాలు చేయించి, కనకలక్ష్మి గారు పుస్తకాన్ని వన్‌టౌన్‌లో బైండింగు చేసే హుమాయూన్‌కు పంపారు. హుమాయూన్ కూతురు నజీమా అదే కాలేజీలో, శాలిని క్లాసులోనే రెండో ఏడు చదువుతోంది. ఆ విధంగా, బైండింగు చేసేవాడి ఇంట పుట్టడం అనే ఏకైక చట్టబద్ధ మార్గంలో, కళాశాల చరిత్రలో మొదటిసారిగా ఒక విద్యార్థినికి పాఠ్యపుస్తకం అందింది.

"తొందరగా కుట్టేయనా, నిదానంగా కుట్టనా?" అని హుమాయూన్ అడిగాడట.

"నిదానంగా కుట్టు అబ్బా. ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి" అందట నజీమా.

పదిహేను రోజుల్లో నవల అయిపోయింది. ఆ పదిహేను రోజులూ మధ్యాహ్నం అన్నాల వేళ క్యాంటీను వెనకాల నజీమా రోజుకో అధ్యాయం చెప్పేది. మొదట ఇద్దరు విన్నారు. తర్వాత పన్నెండుమంది అయ్యారు. అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు చక్రి. వాడిది పామర్రు అవతల చిన్న ఊరు. రోజూ పొద్దున్నే బస్సులో నిలబడి వస్తాడు, క్లాసులో కూర్చుని నిద్రపోతాడు. వాడికి తేదీలు గుర్తుండవు. సొంత పుట్టినరోజు కూడా ఆధార్ కార్డు చూసి చెబుతాడు. అలాంటివాడు కథ వినేటప్పుడు క్యారేజీ మూత తీయడం మరిచిపోయేవాడు.

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆగస్టు నెలాఖరులో ఒకరోజు, శాలిని పట్టిక చెబుతుండగా నజీమా లేచి నిలబడింది.

"మేడమ్, చిన్న డౌటండి."

"అడుగమ్మా."

"వానాధికారి పాత్రకి ఎదురుగా బెర్దోనియా సమాచార మంత్రి అని రాశారు కదండి. నవల్లో ఆయన రోజూ పొద్దున్నే బోర్డు మీద 'నేటి వర్షపాతం నూటికి నూరు శాతం' అని రాసి పోతుంటాడండి, చినుకు కూడా పడకపోయినా. మన గేటు దగ్గర బోర్డు మీద రోజూ 'నేటి హాజరు నూటికి నూరు శాతం' అని ఉంటదండి. ఇవాళ మన క్లాసులోనే ఇరవైమంది రాలేదు. మరి ఆయన బెర్దోనియాలో ఉన్నట్టా అండి, ఇక్కడున్నట్టా?"

క్లాసు గొల్లుమంది. శాలినికి కూడా నవ్వొచ్చింది. నిజానికి ఏడేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. 'భేష్ నజీమా' అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. కాని గోడ మీద కెమెరా ఉంది. ఆ కెమెరా అవతల డీన్ గారి గదిలో పదహారు గళ్ళ తెర ఉంది. (పట్టికలంటే ఆయనకు ఎంత ఇష్టమో చెప్పాం కదా.)

"అది సిలబస్‌లో లేదు. కూర్చోమ్మా" అంది శాలిని.

నజీమా కూర్చుంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని శాలినికి ఆ సాయంత్రం బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ సిగ్గుగా అనిపించింది.

మర్నాడు దూర నియమం వెలువడింది. 'రాజకీయ అన్యాపదేశములు రెండు వేల కిలోమీటర్ల లోపల గాని, యాభై సంవత్సరముల లోపల గాని జరిగిన, జరుగుతున్న, జరుగబోవు విషయములకు వర్తింపజేయరాదు. అనుమానము కలిగిన విద్యార్థులు భూగోళ పటము చూచుకొనవలెను' అని ఆ సర్క్యులర్ సారాంశం. శాలినిని పిలిచి బసవపున్నయ్య గారు చాలా ఆప్యాయంగా మాట్లాడారు.

"చూడమ్మా, నేపథ్యం అంటే ఎక్కడుండాలి? వెనకాల ఉండాలి. దూరంగా ఉండాలి. మన మీదకొచ్చి కూర్చుంటే దాన్ని నేపథ్యం అనరు, గొడవ అంటారు."

"నిజమేనండి" అంది శాలిని.

"వచ్చే నెల కమిటీ వస్తోంది. మోడల్ క్లాసు మీదే పెడుతున్నాం. ఆ ఒక్క క్లాసు గట్టెక్కించు తల్లీ, నీ పర్మనెంటు ఫైలు నేనే స్వయంగా పట్టుకెళ్ళి సంతకం పెట్టిస్తాను. ఏడేళ్ళయిందా? ఇంకెంతకాలం?"

శాలిని తల ఊపింది.

కమిటీ అంటే ఉన్నత విద్యా గుణాత్మక ప్రమాణాల పరిశీలక సంఘం. అది అయిదేళ్ళకోసారి వస్తుంది. అది వచ్చే ముందు నెల రోజులు కాలేజీలో చదువు ఉండదు, దాని రిహార్సళ్ళు ఉంటాయి. మోడల్ క్లాసుకు పదకొండు రిహార్సళ్ళు జరిగాయి. శాలిని ఏ ప్రశ్న అడగాలో, ఎవరు జవాబు చెప్పాలో, ఎక్కడ చిన్నగా నవ్వాలో అన్నీ రాసిచ్చారు. కమిటీవారు సొంతంగా ప్రశ్న వేస్తే ఏం చేయాలన్నదానికి మాత్రం ఎవరూ రాసివ్వక్కర్లేదు. అది డెల్టా బడుల్లో ఉగ్గుపాలతో నేర్పే విద్య. ప్రశ్న ఏదైనా సరే, క్లాసులో అందరూ చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్లోంచే ఒకరిని లేపుతారు. చూసేవాళ్ళకు క్లాసంతా సరస్వతీ పుత్రులే కనిపిస్తారు.

"ఎడమచెయ్యి కూడా అంతే హుషారుగా ఎత్తాలి. తెలియనితనం మొహంలో కనపడకూడదు" అని డీన్ గారు హెచ్చరించారు. చక్రిని కిటికీ పక్కన మూలకు కూర్చోబెట్టారు. నజీమాకు మాత్రం, ముందు జాగ్రత్తగా, కుడిచెయ్యి ఎత్తినా లేపబోమని విడిగా చెప్పారు.

సెప్టెంబరులో కమిటీ వచ్చింది. అధ్యక్షులు ప్రొఫెసర్ జాన్సన్ గారు, రిటైరైన పెద్దమనిషి. చేతిలో ట్యాబు, ముక్కు మీద కళ్ళజోడు. గులాబీలు ఇస్తే తీసుకున్నారు, కొబ్బరినీళ్ళు ఇస్తే తాగారు, చివరి బెంచీలో కూర్చుని పాఠం విన్నారు. శాలిని రాసిచ్చినట్టే అడిగింది, పిల్లలు రాసిచ్చినట్టే చెప్పారు. సంవత్సరాలు టపాకాయల్లా పేలాయి. బసవపున్నయ్య గారు గుమ్మం దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ ఉన్నారు. ప్రతి జవాబూ ఆయనకు కంఠతా వచ్చు.

అప్పుడు జాన్సన్ గారు లేచారు.

"చాలా బాగుందమ్మా. నేనొక్క ప్రశ్న వేస్తాను. మాల్దిక్ పన్నుల చట్టం తెచ్చిన సంవత్సరం ఎవరు చెబుతారు?"

అరవై చేతులు లేచాయి. జాన్సన్ గారు ఆ చేతుల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. మెల్లగా నవ్వారు.

"నేను గుడివాడ దగ్గర హైస్కూల్లో చదువుకున్నవాణ్ణేనయ్యా. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా మా లెక్కల మాస్టారు మాతో ఇదే చేయించేవారు. నేను ఎప్పుడూ ఎడమ చెయ్యే. సరే, కుడిచేతులు దించండి. ఎడమచేతులు అలాగే ఉంచండి."

కుడిచేతులు దిగాయి. నలభై ఒక్క ఎడమచేతులు గాలిలో మిగిలిపోయాయి. దించితే తప్పో, ఉంచితే తప్పో తెలియక వాటిలో కొన్ని మోచెయ్యి దగ్గర వంగి ఆగాయి. డీన్ గారికి దగ్గు తెర వచ్చింది. శాలినికి తన ఫైలు కళ్ళముందే గాలికి ఎగిరిపోతున్నట్టు అనిపించింది.

"ఆ కిటికీ పక్కనబ్బాయి. నీ పేరేంటి?"

"చక్రి అండి. పామర్రు అవతలండి."

"సంవత్సరం చెప్పు."

"తెలవదండి."

"చెయ్యి ఎత్తావుగా?"

"ఎడమదే కదండి ఎత్తింది" అన్నాడు చక్రి న్యాయంగా.

జాన్సన్ గారు పగలబడి నవ్వారు. "పోనీ, సంవత్సరం వద్దు. నవల్లో ఏముంది? అది చెప్పు."

ఇది రిహార్సల్లో లేదు. ఏ క్లాసులోనూ లేదు. చక్రి ఒకసారి శాలిని వైపు చూశాడు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది. వాడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక పట్నం ఉందండి. అక్కడ వాన పడదు. పడకపోయినా పడుతోందని రాజుగారు చాటింపు వేయిస్తాడండి. అందరూ గొడుగులేసుకు తిరగాలి. వేసుకోకపోతే తడిసినట్టు లెక్క. తడిస్తే జొరం వచ్చినట్టు లెక్క. జొరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోతారండి, ఇంక ఇంటికి పంపరు. ఎందుకొచ్చిన గొడవని అందరూ వేసుకుంటారు. కొన్నాళ్ళకి రాజుగారి జెండాలకి గుడ్డ చాలట్లేదని, ఏడాదికో ముక్క గొడుక్కున్న గుడ్డ కోసి ఇమ్మంటారండి. ఇస్తారు. ఇచ్చీ ఇచ్చీ ఆఖరికి ఊసలు మిగులుతయ్యండి. ఆ ఊసలే పట్టుకు తిరుగుతుంటారు. 'మీ గొడుగు బాగుందండి' అంటే, 'మీదీ బాగుందండి' అనుకుంటారు."

"తర్వాత?"

"తర్వాత ఒకరోజు నిజంగానే వాన వస్తదండి. గట్టి వాన. అందరూ ఊసల కింద నిలబడి తడుస్తా ఉంటారు. పక్కోణ్ణి 'తడుస్తన్నావా?' అని అడిగితే, 'అబ్బే, గొడుగుందిగా' అంటాడండి. అంతేనండి కథ. నజీమా చెప్పింది."

నవల పేరు తప్ప మరేమీ తెలియని నలభై మందికి పైగా ఆ కథ మొదటిసారి వింటున్నారు. తేదీల పిల్లలు కూడా నోట్సు మూసేశారు.

"ఇది ఏ దేశం గురించి రాశారంటావు?" అని అడిగారు జాన్సన్ గారు. గుమ్మం దగ్గర డీన్ గారు 'బెర్దోనియా, బెర్దోనియా' అని పెదాలతో అందిస్తున్నారు.

"ఆ దేశం పేరు పట్టికలో ఉందండి, నాకు నోరు తిరగదు. మా కాలవ సంగతైతే చెప్తానండి. మావి కాలవ చివర పొలాలు. మొన్న ఆగస్టులో నీటి సంఘం వాట్సాప్ గ్రూపులో 'చివరి ఎకరా వరకూ నీరందినది' అని మెసేజ్ పెట్టారండి. మా నాన్న గట్టు మీద నిలబడే అది చూశాడు. కింద చేను నెర్రెలిచ్చి ఉంది. అయినా దండం పెట్టే బొమ్మ కొట్టాడండి. 'రాలేదుగా నాన్నా, దండం ఎందుకు?' అన్నాను. 'ఊరంతా పెట్టారు కదరా, మనం ఒక్కళ్ళం పెట్టకపోతే ఏం బాగుంటది?' అన్నాడండి. నజీమా ఆ ఊసల దగ్గరికొచ్చి కథ చెప్తుంటే, నాకు మా నాన్న ఫోను పట్టుకున్న చెయ్యి కనపడిందండి. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు."

జాన్సన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని ట్యాబులో ఫారం చాలాసేపు వెతికారు. విద్యార్థి చెప్పిన తేదీలు ఎన్ని, తప్పిన తేదీలు ఎన్ని, తెల్లబోర్డు ఉందా, డిజిటల్ బోర్డు ఉందా అన్న గళ్ళున్నాయి. నవల అర్థమైనవాడు దొరికితే ఏం చేయాలో అందులో లేదు.

"నువ్వు చెప్పినదానికి ఇందులో గడి లేదు నాయనా" అన్నారు ఆయన, తప్పు చేసినవాడిలా. తర్వాత శాలిని వైపు తిరిగారు. "ఏమ్మా, ఇది మీరు చెప్పిన పాఠమేనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునంటే దూర నియమం మీరినట్టు. ఏడేళ్ళ ఎదురుచూపు ఆ ఒక్క మాటతో సరి. కాదంటే ఉద్యోగం. ఏడేళ్ళుగా ఆమె కోరుకున్నది కూడా ఆ ప్రశ్నే. ఎవరైనా ఒక పిల్లవాడు లేచి నవలను ఇలా చెప్పాలి, ఎవరైనా పెద్దమనిషి 'ఇది మీరు చెప్పిందేనా?' అని అడగాలి, తను 'అవునండి' అనాలి.

"కాదండి" అంది శాలిని. "సిలబస్ ప్రకారం నేను నేపథ్యమే చెప్పాను."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అబద్ధమాడి దొరికిపోయినా ఇంత బాధ ఉండేది కాదు. మూడో బెంచీలోంచి నజీమా ఆమె వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో కోపం లేదు, జాలి ఉంది. శాలిని చూపు తిప్పుకుంది.

కమిటీ వెళ్ళిపోయింది. కాలేజీ మీద పిడుగు పడుతుందని రెండు వారాలు అందరూ చూశారు. పడలేదు. జాన్సన్ గారు ఫారంలో గడి లేకపోయినా, రిమార్కుల దగ్గర సొంత దస్తూరితో 'స్థానిక జీవితానికి అన్వయం: అత్యుత్తమం. ఇలాంటి క్లాసు నా సర్వీసులో చూడలేదు' అని రాశారు. కాలేజీకి పై గ్రేడు వచ్చింది. గేటు దగ్గర చక్రి ఫొటోతో ఫ్లెక్సీ వెలిసింది. ఎడమచెయ్యి ఎత్తి ఉన్న ఫొటోను తిప్పి ముద్రించి కుడిచెయ్యి చేశారు.

బసవపున్నయ్య గారు పొరపాటు ఒప్పుకోవడానికి వెనుదీసే మనిషి కారు. దూర నియమాన్ని ఆ రోజే రద్దు చేసి, దగ్గర నియమాన్ని తెచ్చారు. ఇకమీదట అన్యాపదేశాలన్నీ ముప్పై కిలోమీటర్ల లోపలే వర్తించాలి, వారానికి రెండుసార్లు, తప్పనిసరిగా. మెటీరియల్‌కు నలభై మూడో పేజీ చేరింది. దాని పేరు 'చక్రి అన్వయం'. పట్టికలో 'గొడుగు ఊసలు' అన్నదానికి ఎదురుగా జనరల్ మాల్దిక్ పన్నుల విధానాన్ని కొట్టేసి 'చక్రి తండ్రిగారి ఫోను' అని వేశారు. సాయంత్రం స్టడీ అవర్‌లో అరవైమందీ ఊగుతూ 'గొడుగు ఊసలు చక్రి తండ్రిగారి ఫోను, గొడుగు ఊసలు చక్రి తండ్రిగారి ఫోను' అని వల్లెవేస్తుంటే బందరు రోడ్డు మీద బస్సుల్లోంచి జనం తొంగి చూసేవారు.

శాలినికి పర్మనెంటు ఉత్తర్వు అక్టోబరు మొదటివారంలో వచ్చింది. 'ఏది ముందైతే అది' అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చదివింది. లేదు. ఇంటికి ఫోన్ చేసి చెబుతూ ఏడ్చేసింది. ఆ సంతోషంలో, ఇచ్చుకున్న మాట గుర్తొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి పుస్తకం తీసి పట్టుకుని డీన్ గారి గదికి వెళ్ళింది.

"సర్, ఇప్పుడైనా నవల మొదటి పేజీ నుంచి క్లాసులో చదివిద్దామండి."

బసవపున్నయ్య గారు ఆశ్చర్యపోయారు. "ఎందుకమ్మా? బెర్దోనియా అంటే మనం చూడలేదు, పోనీలే. ఇప్పుడు నేపథ్యం మన క్లాసులోనే, కిటికీ పక్కన కూర్చునుందిగా! ఇంకా నవలతో పనేముంది?"

ఆమె దగ్గర దానికి జవాబు ఉంది. ఉత్తర్వు చేతికొచ్చి ఇంకా నాలుగు గంటలే అయింది. రేపు చెబుదామనుకుంది.

ఆ లోపల మెటీరియల్‌కు ఒక ఇబ్బంది వచ్చిపడింది. నలభై మూడో పేజీలో తేదీ లేదు. తేదీ లేని చరిత్రకు బిట్టు ఎలా చేస్తారు? డీన్ గారు చక్రిని పిలిచి మెసేజ్ ఏ రోజు వచ్చిందని అడిగారు. వాడు తల గోక్కున్నాడు. లాభం లేదని కాలేజీ తరఫున నీటి సంఘానికే అధికారికంగా ఉత్తరం రాశారు. వాళ్ళు రశీదుతో సహా జవాబిచ్చారు: 'సదరు రైతు పొలమునకు ఆగస్టు 14న పూర్తిగా నీరందినది. సదరు రైతు అదే దినమున నమస్కార చిహ్నముతో ధ్రువీకరించియున్నారు.' అంతకంటే ఆధారం ఏం కావాలి? తేదీ మెటీరియల్‌లో ఎక్కింది, బిట్టు తయారైంది.

నవంబరు పరీక్షలో పదకొండో ప్రశ్న, అయిదు మార్కులు: 'చక్రి తండ్రిగారి పొలానికి నీరందిన తేదీ ఏది?' నజీమాతో సహా యాభై తొమ్మిది మంది ఆగస్టు 14 అని రాశారు. (నజీమా దాని పక్కన బ్రాకెట్లో 'మెటీరియల్ ప్రకారం' అని కూడా రాసింది. దానికి మార్కులు కోయలేదు.) చక్రి మాత్రం చాలాసేపు ఆలోచించి, గుండ్రటి అక్షరాలతో 'ఇంకా అందలేదండి' అని రాశాడు.

పేపర్లు దిద్దింది శాలిని. ఆ ఒక్క కాగితం పక్కన పెట్టుకుని ఒక పూట కూర్చుంది. జవాబుల కీ మళ్ళీ చూసింది. తర్వాత ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, కింద 'శాలిని, లెక్చరర్, పర్మనెంటు' అని సంతకం పెట్టింది.